చీకటికి కథలున్నాయి, మసకకు లేవు

శ్రవణకుమారుడి కథ తెలియని తెలుగువాళ్ళు అరుదు. భుజాన కావడి, అటొక బుట్ట, ఇటొక బుట్ట, వాటిలో చూపు లేని అమ్మా నాన్నా. కేలెండర్ బొమ్మల నుంచి ప్రవచనాల దాకా ఈ దృశ్యం ఎంతగా నాటుకుపోయిందంటే, ముసలివాళ్ళని బాగా చూసుకునే కొడుకుని మెచ్చుకోడానికీ అదే పేరు, చూసుకోని కొడుకుని దెప్పడానికీ అదే పేరు. కానీ వాల్మీకి రామాయణంలో, అయోధ్యకాండ 63, 64 సర్గల్లో, ఈ కావడి లేదు. తీర్థయాత్ర లేదు. ఆ కుర్రాడికి అసలు పేరే లేదు. శ్రవణుడన్న పేరు తర్వాతి కథకులు పెట్టింది.

మరి అక్కడ ఏముంది? రాముడు అడవికి వెళ్ళిన ఆరో రాత్రి దశరథుడు కౌసల్యకు తన పాత పాపం చెప్పుకుంటాడు. యువరాజుగా ఉన్న రోజుల్లో, వానాకాలం చీకట్లో, సరయూ ఒడ్డున వేటకి కాచుకున్నాడు. కుండ నీళ్ళలో మునిగే చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. కంటితో చూడకుండా చప్పుడుని బట్టి గురి కొట్టగలగడం, అంటే శబ్దవేధి, అతని గొప్ప. తగిలింది ఒక ముని కొడుక్కి. చనిపోతూ ఆ కుర్రాడు తన గురించి కంటే, ఆశ్రమంలో దాహంతో ఎదురుచూస్తున్న ముసలి అమ్మానాన్నల గురించే బెంగపడతాడు. రాజు కుండ నింపుకుని అక్కడికి వెళ్తాడు. అడుగుల చప్పుడు విని తండ్రి, వచ్చింది కొడుకే అనుకుంటాడు. ఇంత ఆలస్యమేమిటి, మీ అమ్మ కంగారు పడుతోంది, నీళ్ళు తెచ్చావా అని పలకరిస్తాడు.

ఒకే రాత్రి ఇద్దరు చప్పుడుని బట్టి పొరబడ్డారు. కళ్ళున్నవాడు చప్పుడు విని చంపాడు. కళ్ళు లేనివాడు చప్పుడు విని పలకరించాడు. ఈ కథలో చూడకుండా ప్రమాదం తెచ్చిపెట్టింది ఎవరన్నది కవి మనకే వదిలేశాడు.

నిజం తెలిశాక ఆ తండ్రి ఏడ్చి ఊరుకోడు. రాజుని నిలదీస్తాడు. నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి బతికిపోయావంటాడు. శవం దగ్గరికి తీసుకెళ్ళమంటాడు. భార్యాభర్తలు కొడుకు ఒంటిని తడిమి చూసుకుంటారు. అప్పుడు అతను తలచుకునే విషయాలు ఏ ఇంట్లోనైనా వినపడేవే. స్నానం, సంధ్య అయ్యాక పక్కన కూర్చునేదెవరు, పళ్ళూ దుంపలూ తెచ్చి పెట్టేదెవరు, ముసలిదైన మీ అమ్మని నేనెలా పోషించను? వీటికంటే ముందు ఇంకో మాట ఉంది. వేకువకి ముందు, రాత్రి చివరి జాములో, తియ్యటి గొంతుతో శాస్త్రం చదివి వినిపించేదెవరు అని. అన్నం కంటే ముందు చదువు గుర్తొచ్చింది ఆయనకి. చూపు పోయిన మనిషికి పోయినవాటిలో పుస్తకం ఒకటని, దాన్ని ఇంకొకరి గొంతు తిరిగి తెచ్చిస్తుందని వాల్మీకికి తెలుసు.

ఈ కథని దశరథుడు ఎప్పుడు చెప్పాడో కూడా చూడాలి. చెప్పే మనిషి ఇప్పుడు ముసలివాడు. కథ అయిపోతుండగా, నువ్వు నా కంటికి కనపడటం లేదని కౌసల్యతో అంటాడు. జ్ఞాపకం కూడా తప్పుతోందంటాడు. రాముడి వెంట పోయిన తన చూపు వెనక్కి రాలేదని, చేత్తో తాకమని అంతకుముందే ఆమెని అడిగి ఉన్నాడు. వయసులో చీకట్లో గురి చూసి కొట్టినవాడు, ముసలితనంలో మసకలో చెయ్యి కోసం తడుముకుంటున్నాడు. ముసలితనపు చూపు గురించి మన దేశంలో ఇంత బాగా రాసిన పేజీలు ఎక్కువ లేవు.

ఆ పేజీల్ని మనం ఏం చేశాం? కొడుకు కథగా మార్చుకున్నాం. అతనికో పేరు పెట్టాం, భుజాన కావడి పెట్టాం. మాట్లాడే, అలిగే, శపించే ఇద్దరు మనుషుల్ని రెండు బుట్టల్లో కూర్చోబెట్టి బరువుగా మార్చాం. కావడి కథలో గొప్పతనమంతా మోసేవాడిదే. మోయబడేవాళ్ళకి ఏం కావాలో ఎవరూ అడగరు. ఎక్కడికి వెళ్ళాలో అడిగినా, జవాబు కాశీ రామేశ్వరాల్ని దాటదు. ముసలివాళ్ళ చూపుని గురించి తర్వాత రాసిన, తీసిన చాలా వాటిలో ఈ కావడే వేరే రూపాల్లో తిరుగుతోంది.

భాషలో ఈ కొరత లేదు. ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు చూపు తగ్గడాన్ని మెట్లు మెట్లుగా చెబుతుంది. నలభై దాటాక దగ్గర అక్షరాలు అలుక్కుపోతే చత్వారం. ఆ మాటలోనే నలభై ఉంది. కంటిలోని కటకం మబ్బు పట్టి పాలమీగడలా తెల్లబడితే శుక్లం, కంటిపొర. నల్లగుడ్డు మీద మచ్చ పడితే కంట్లో పువ్వు. లోపలి ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి చప్పుడు చెయ్యకుండా తినేసేది నీటికాసులు. పొద్దు గూకితే కనపడకపోతే రేచీకటి. ఇవేవీ కాని చోట కూడా మాటలున్నాయి. చూపు మందగించింది, మసక మసగ్గా ఉంది, అక్షరం ఆనడం లేదు. ‘ఆనడం’ అన్న మాట చూడండి. చూపు వెళ్ళి ఒక వస్తువు మీద ఆనాలి, నిలవాలి. నిలవకుండా జారిపోతోందని చెప్పడానికి అవ్వకి ఒక్క క్రియాపదం చాలు.

పుస్తకాల్లోకి, సినిమాల్లోకి వచ్చేసరికి ఈ మెట్లన్నీ మాయమై ఒకటే మాట మిగులుతుంది, గుడ్డి. అది కూడా ఎక్కువసార్లు కంటి గురించి కాదు. గుడ్డి నమ్మకం, గుడ్డి ప్రేమ, గుడ్డెద్దు చేలో పడ్డట్టు. పుట్టుగుడ్డి అయిన ధృతరాష్ట్రుణ్ణి పుత్రప్రేమకి పర్యాయపదం చేసేశాం. హిందీలో ధర్మవీర్ భారతి 1954లో ‘అంధా యుగ్’ నాటకం రాస్తే, ఆ పేరులోని చీకటి ఒక యుగం మొత్తానిది. దేశవిభజన గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో ఆ రూపకం నిప్పులా పనిచేసింది, కాదనను. నాటకంగా అది పెద్దది. కాకపోతే చూపులేమి ప్రతిసారీ ఇంకోదాని పేరయినప్పుడు, దాన్ని దానిగానే చూసే అలవాటు పాఠకుడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

రూపకాల్లో బాగా పేరుపడ్డది పోర్చుగీసు రచయిత సరమాగో 1995లో రాసిన ‘బ్లైండ్‌నెస్’. ఊరంతటికీ అంటుకునే తెల్లటి గుడ్డితనం, దాంతో పాటు కూలిపోయే నాగరికత. మన దగ్గర ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్ళ అలమారల్లో తరచూ కనపడే పుస్తకం. అందులో కంటి డాక్టరు దగ్గరికి వచ్చే రోగుల్లో ఒక ముసలాయన ఉంటాడు. ఒక కంటికి నల్లటి గంత. రెండో కంట్లో శుక్లం. ఆపరేషన్ చేయించుకోవాల్సి ఉంది. అంతలో అంటురోగం వచ్చిపడి, ఆ మామూలు శుక్లం పెద్ద రూపకంలో కొట్టుకుపోతుంది. నవల చర్చల్లో సమాజం, అధికారం, మానవ స్వభావం అన్నీ వస్తాయి. ఆ ముసలాయన కంటి సంగతి సాధారణంగా రాదు. నిజానికి ఆ నవలలో రేపు మన ఇంట్లో జరగగలిగిన ఏకైక సంఘటన అదే.

తెలుగు సినిమాకి చూపు లేని పాత్రలు కొత్త కాదు. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986)లో వేణువు వాయించే యువకుడున్నాడు. గొల్లపూడి మారుతీరావు నాటకం ఆధారంగా ఎం.వి. రఘు తీసిన ‘కళ్ళు’ (1988)లో, తోటి అంధుల మధ్య ఒకడికి చూపు వస్తే ఆ చూపు ఏం చేసిందన్న కఠినమైన ప్రశ్న ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే చాసో ‘ఎంపు’ కథలో, ముష్టివాళ్ళ మధ్య పెళ్ళి మాటల్లో, గుడ్డితనం సంపాదన లెక్కలోకి వస్తుంది. జాలి చూపించకుండా రాయడమెలాగో చాసోకి తెలుసు. అయితే ఇవి వయసులో ఉన్నవాళ్ళ కథలు. ముసలివాళ్ళకి చూపు తగ్గడం మన తెర మీద కనపడేది హాస్యం కోసం. బామ్మ ఒకర్ని చూసి ఇంకొకరనుకుంటుంది, తాతయ్య కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు, హాల్లో నవ్వుతారు. హాస్యం కాకపోతే కట్టు విప్పే సీను. డాక్టరు కట్టు ఒక్కో చుట్టూ విప్పుతుంటాడు, వీణ మోగుతుంటుంది, మొదట మసకగా, తర్వాత స్పష్టంగా, కొడుకు మొహం. చీకటి, వెలుగు. మధ్యలో గడిచిన పదేళ్ళ మసక కథకి పనికిరాలేదు.

ఆ పదేళ్ళ గురించి రాసిన పెద్ద రచయిత ఒకడున్నాడు. అర్జెంటీనాకి చెందిన బోర్హెస్. అతనికి చూపు ఒక్కరోజులో పోలేదు. చిన్నప్పటి నుంచి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, 1955లో జాతీయ గ్రంథాలయానికి డైరెక్టర్ అయ్యే నాటికి చదవలేని స్థితికి చేరింది. లక్షల పుస్తకాలూ, వాటిని చదవలేని చీకటీ ఒకేసారి చేతికొచ్చాయి. 1977లో అంధత్వం మీద చేసిన ప్రసంగంలో అతను మొదట సరిదిద్దింది ఆ చీకటినే. గుడ్డివాడి లోకం నల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు, తనకి మాత్రం దొరకనిది ఆ నలుపే అన్నాడు. నీలంగానో ఆకుపచ్చగానో ఉండే ఒక పొగమంచులో తను పడుకుంటున్నానని, రంగుల్లో పసుపొక్కటే తనని విడిచిపోలేదని చెప్పాడు. అంటే అతను మాట్లాడింది మసక గురించి. రంగులు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటున్నప్పుడు ఏది ముందు వెళ్ళింది, ఏది ఉండిపోయింది అని లెక్క రాసుకోవడమే అతను చేసిన పని. మన అవ్వలు ‘ఎరుపు తెలుస్తోంది గానీ నీలం నలుపు ఒకలాగే ఉన్నాయి’ అంటే, దాన్ని మనం కవిత్వంగా కాదు సరి కదా, కబురుగా కూడా వినం.

బోర్హెస్ చుట్టూ గొంతులున్నాయి. అతని తల్లి లియొనోర్ తొంభై ఏళ్ళు వచ్చేదాకా అతనికి చదివి వినిపించింది, చెప్పింది రాసిపెట్టింది. పుస్తకాల షాపులో పనిచేసే పదహారేళ్ళ కుర్రాడు సాయంత్రాలు వచ్చి చదివేవాడు. అతనే తర్వాత రచయితగా పేరు తెచ్చుకున్న అల్బెర్తో మాంగెల్. సరయూ ఒడ్డు ఆశ్రమంలో ముసలి తండ్రి ఏ గొంతు కోసం ఏడ్చాడో ఆ గొంతు బోర్హెస్‌కి చివరిదాకా దొరికింది. చూపు లేకపోయినా రచన ఆగకపోవడంలో ప్రతిభ ఎంతుందో, ఆ గొంతులూ అంతే ఉన్నాయి. మనం మొదటిదాన్ని మాత్రమే మెచ్చుకుంటాం.

మన దేశంలో దీనికి దగ్గరి కథ శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీది. చిన్నప్పటి నుంచీ ఒక కన్ను పనిచేయదు, రెండోది అంతంతమాత్రం. యాభై దాటాక, 1950ల రెండో సగంలో, శుక్లం ఆపరేషన్ వికటించి ఆ చూపు కూడా పోయింది. ఆ తర్వాత కూడా ఆయన బొమ్మలు గీశాడు, కాగితాలు కత్తిరించి అతికించాడు, గోడ మీద టైల్స్‌తో చిత్రం చేశాడు, రాశాడు. ఆయన దగ్గర చదువుకున్న సత్యజిత్ రాయ్ 1972లో తీసిన డాక్యుమెంటరీ పేరు ‘ది ఇన్నర్ ఐ’. లోపలి కన్ను. పేరు వినగానే మనకి తెలిసిన ఓదార్పు ఒకటి గుర్తొస్తుంది, బయటి చూపు పోతే దేవుడు లోచూపు ఇస్తాడని. కానీ సినిమాలో రాయ్ కెమెరా ఎక్కువగా చూసేది పనిని, పని చేసే చేతుల్ని. అతీంద్రియ శక్తులేమీ లేవక్కడ. యాభై ఏళ్ళు గీసిన చేతికి గుర్తున్న కొలతలున్నాయి, పక్కన సాయం చేసే శిష్యులున్నారు. పేరు చెప్పేదానికంటే సినిమా నిజం చెబుతుంది.

బోర్హెస్, బినోద్ బిహారీ ఇద్దరూ కళాకారులు. చుట్టూ సంస్థలున్నవాళ్ళు, చదివిపెట్టే మనుషులున్నవాళ్ళు. పేరు లేని ముసలివాళ్ళ సంగతికొస్తే అంకెలు చూడక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం చూపు లోపం ఉన్నవాళ్ళు కనీసం 220 కోట్లు. అందులో కనీసం 100 కోట్ల మందికి అది రాకుండా ఆపగలిగిందో, ఇంకా సరిచేయనిదో. ఆ 100 కోట్లలో 82.6 కోట్ల మందిది ఉట్టి చత్వారం. దానికి కావాల్సింది ఒక జత కళ్ళద్దాలు. మన దేశంలో 2015–19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో యాభై దాటినవాళ్ళలో నూటికి దాదాపు ఇద్దరు అంధులని తేలింది. ఆ అంధత్వంలో మూడింట రెండొంతులకి కారణం శుక్లం, అంటే ఆపరేషన్‌తో పోయేది. నూటికి ఏడుగురి విషయంలో కారణం శుక్లం ఆపరేషన్ తర్వాత వచ్చిన చిక్కులు. బినోద్ బిహారీకి జరిగింది ఇప్పటికీ జరుగుతోందన్నమాట. ఆడవాళ్ళలో, చదువుకోనివాళ్ళలో అంధత్వం ఎక్కువని కూడా ఆ సర్వే చెప్పింది.

అంకెలు కూడా ఒక రకం కథనమే, వాటినీ విమర్శకుడిలాగే చదవాలి. 2017 దాకా మన జాతీయ కార్యక్రమంలో 6 మీటర్ల దూరం నుంచి వేళ్ళు లెక్కపెట్టలేనివాళ్ళు అంధులు. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనానికి సరిపోయేలా దాన్ని 3 మీటర్లకి మార్చారు. దేశాల మధ్య పోలికకి అది అవసరమే. కానీ 5 మీటర్ల దగ్గర వేళ్ళు ఆనని ముసలమ్మ ఉదయం అంధురాలు, సాయంత్రానికి కాదు. ఆమె కంట్లో ఏమీ మారలేదు. కాగితానికి కూడా చీకటి వెలుగులే కావాలి, మసకకి గడి దొరకడం కష్టం. పింఛను దగ్గరా ఇదే ఇబ్బంది. వయసు మీద తీసుకుంటున్నవాళ్ళు వృద్ధులు, సర్టిఫికెట్ ఉంటే వికలాంగులు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. కానీ చెవులు సగం, కళ్ళు సగం, మోకాళ్ళు సగం పోయిన డెబ్భై ఏళ్ళ మనిషి ఏ ఒక్క వరుసలోనూ పూర్తిగా పట్టడు. ఇంట్లోవాళ్ళూ ఆయన్ని వికలాంగుడనుకోరు, ముసలాడనుకుంటారు.

నా ఉద్దేశంలో గొడవంతా ఇక్కడే ఉంది. ‘ఈ వయసులో అంతేలే’ అన్న మాట డాక్టరు చెప్పిన రోగనిర్ధారణ కాదు, కథల నుంచి వచ్చిన తీర్పు. ముసలితనమంటే చీకటి పడటం అని పాటల్లో, పద్యాల్లో, సీరియళ్ళలో విని విని, చూపు తగ్గితే సాయంకాలం అయినట్టే సహజమనుకుంటాం. హైదరాబాద్‌లోని వృద్ధాశ్రమాల్లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్ళు చేసిన అధ్యయనంలో సుమారు 30 శాతం మందికి చూపు లోపం కనపడింది. అందులో పెద్ద వాటా శుక్లానిది, ఆ తర్వాతది సరైన కళ్ళద్దాలు లేకపోవడానిది. ఊరిలో ఇంత పెద్ద కంటి ఆసుపత్రులుండగా ఇది జరుగుతోంది. దూరం, డబ్బు కొంతవరకే కారణాలు. తీసుకెళ్ళాలని ఎవరికైనా తోచాలి, వెళ్ళాలని అడగొచ్చని ఆ పెద్దాయనకి తోచాలి. ఆ తోచడం దగ్గర కథలకి పనుంది. అన్నట్టు ఆ సంస్థకి పేరిచ్చిన మనిషి ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ తీసిన ఎల్.వి. ప్రసాదే. 1987లో మొదలైన ఆసుపత్రికి ఆయన స్థలమూ డబ్బూ ఇచ్చారు. తెలుగు సినిమా డబ్బు కంటి ఆసుపత్రి కట్టగలిగింది గానీ, తెలుగు సినిమా కథ ముసలి కంటి దగ్గర కట్టు విప్పే సీను దాటలేకపోయింది.

సాహిత్యం ఏమైనా ఆరోగ్యశాఖ కరపత్రమా అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. కరపత్రం పని కరపత్రం చేస్తోంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కంటి వెలుగు పేరుతో పథకాలు మొదలై ఊళ్ళల్లో పరీక్షలు చేశాయి, అద్దాలిచ్చాయి. మధురైలో అరవింద్ ఆసుపత్రి వాళ్ళు 1992 నుంచి కంటిలో పెట్టే కటకాల్ని ఇక్కడే చవగ్గా తయారుచేసి ప్రపంచమంతటా ధర దించారు. ఇవన్నీ గొప్ప పనులు. వీటి చుట్టూ పుట్టిన ఒక కథనరూపం మాత్రం నన్ను ఇబ్బంది పెడుతుంది. ఆపరేషన్‌కి ముందు ఫొటో, తర్వాత ఫొటో. వరసగా బెంచీల మీద ఆకుపచ్చ కట్టుతో ముసలివాళ్ళు, పక్కన దాతలు. పేర్లుండవు. మోసేవాడే కథానాయకుడు. కావడి పోయి శిబిరం బస్సు వచ్చింది, అంతే తేడా. ఆ బస్సు దిగాక ఆమె ఏం చూసింది, ఏం చూసి బాధపడింది, ఇన్నేళ్ళు తనకి కనపడని ఇంట్లో ఏమేం మారాయి, చుక్కల మందు ఎవరు వేశారు, రెండో కంటికి ఎవరు తీసుకెళ్ళారు అన్నవి కరపత్రానికి అక్కర్లేదు. కథకి కావాలి.

పని సంగతి కూడా ఉంది. అస్సాం టీ తోటల్లో నలభై దాటిన కార్మికులకి దగ్గరచూపు అద్దాలిస్తే ఏమవుతుందో చూశారు. అద్దాలు అందనివాళ్ళతో పోలిస్తే వాళ్ళు కోసే ఆకు ఐదోవంతుకి పైగా పెరిగిందని 2018లో అచ్చయిన ఆ అధ్యయనం చెప్పింది. అంటే అంతకుముందు ఆ తూకం తగ్గడాన్ని అందరూ వయసు ఖాతాలో వేశారు. చత్వారాన్ని మనం చదువుకున్నవాళ్ళ జబ్బుగా, పేపరూ పుస్తకం చదవలేని బాధగా చూస్తాం. బియ్యంలో రాయి ఏరే ఆవిడకి, సూదిలో దారం ఎక్కించే దర్జీకి, మగ్గం మీద తెగిన పోగు ముడేసే నేతగాడికి, మిరపతోటలో పండుకాయ పచ్చికాయ చూసి కోసే కూలీకి చత్వారమంటే కూలి తగ్గడం. చేనేత మీద, కూలీల మీద మనకి బోలెడు కథలున్నాయి. వాటిలో అప్పులున్నాయి, దళారులున్నారు, ఆకలి ఉంది. నలభై ఐదేళ్ళకే పోగు ఆనక పనికి దూరమయ్యే మనిషి కోసం మాత్రం వెతుక్కోవాలి.

ఇంకో మాట, చాదస్తం. అడిగిందే అడగటం, చెప్పింది అర్థం చేసుకోకపోవడం, ఎవరొచ్చారో గుర్తుపట్టకపోవడం. మన కథల్లో పెద్దవాళ్ళ చాదస్తానికి కొదవ లేదు. అందులో ఎంత మతిమరుపు, ఎంత వినపడకపోవడం, ఎంత కనపడకపోవడం అని రచయితలు విడదీసి చూశారా? గుమ్మంలో వెలుతురుకి ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం శుక్లం ఉన్న కంటికి నల్లగా అలుక్కుపోతుంది. గుర్తుపట్టలేదంటే కారణం ఆ వెలుతురు కూడా కావచ్చు. ఇవి ఒకదాన్నొకటి పెంచుతాయి కూడా. సరిచేయని చూపు లోపం మతిమరుపు జబ్బు ముప్పుని పెంచే కారణాల్లో ఒకటని 2024లో లాన్సెట్ కమిషన్ కొత్తగా చేర్చింది. కనపడక మాటల్లో కలవరు, కలవక మరిచిపోతారు, మరిచిపోతే చాదస్తమంటాం. కనపడక అడుగు తప్పి పడితే తుంటి విరుగుతుంది, అక్కణ్ణుంచి మంచం. ఈ వరసలో ఏ మెట్టు దగ్గర ఆపొచ్చో చూపించడం డాక్టరు పని. ఆ వరసలో ఉన్న మనిషికి లోపల ఎలా ఉంటుందో చూపించడం రచయిత పని.

నేటి ఊళ్ళల్లో, నగరాల్లో దీనికి సామగ్రికి లోటు లేదు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ ఆరంకెలు చదవలేక పక్కింటి కుర్రాణ్ణి పిలిచే రిటైర్డ్ మాస్టారు. బస్సు బోర్డు ఆనక, ఎక్కాక కండక్టర్ని అడిగి దిగిపోయే ఆవిడ. మందు సీసా మీద గడువు తేదీ. ఐదువందలు, రెండువందల నోట్లు వేళ్ళతో కొలిచి చూసుకునే కూరగాయలావిడ. మెట్ల చివరంచు. కనపడటం లేదని చెబితే ఒంటరిగా బయటికి వెళ్ళనివ్వరని, కనపడుతున్నట్టే నటించే తాత. ఈ నటన చూడండి, ఎంత పెద్ద నాటకం! రోజూ ఇంట్లో ఆడుతున్నా ప్రేక్షకులకి తెలియని నాటకం. కూతురి చీర ఏ రంగో తెలియకుండానే బాగుందంటుంది అమ్మ. ఆమె దాస్తున్నది చూపుని మాత్రమే కాదు, తన మీద ఇంట్లోవాళ్ళకున్న లెక్క తగ్గిపోతుందన్న భయాన్ని. దీనికి జాలి అక్కర్లేదు, ఉపమానం అక్కర్లేదు. దగ్గర కూర్చుని చూస్తే చాలు.

పుస్తకాల వైపు నుంచి కూడా మనల్ని మనం అడగాల్సింది ఉంది. పిల్లలకి పెద్దక్షరాల్లో బొమ్మల పుస్తకాలు వేస్తాం. జీవితమంతా వారపత్రికలు, నవలలు చదివి తెలుగు పత్రికల్ని బతికించిన తరానికి, ముఖ్యంగా మధ్యాహ్నాలు సీరియల్ నవలల కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళకి, డెబ్భై వచ్చాక పెద్దక్షరాల తెలుగు పుస్తకం ఎన్ని షాపుల్లో దొరుకుతుంది? తెలుగులో చదివేవాళ్ళు తగ్గిపోయారని ప్రతి పుస్తక ప్రదర్శనలో బాధపడతాం. అందులో కొందరు చదవడం మానలేదు, అక్షరం ఆనక ఆగిపోయారు. ఆడియో కథలు ఇప్పుడు కొన్ని వస్తున్నాయి. వాటిని ట్రాఫిక్‌లో వినే ఉద్యోగుల కోసమే కాకుండా, ఒకప్పటి పాఠకుల కోసం కూడా తయారుచేస్తే వాళ్ళు ఏం వినాలనుకుంటారో ముందు వాళ్ళనే అడగాలి. భక్తి, ఆరోగ్యం అని మనమే తేల్చేస్తే అది మళ్ళీ కాశీకి కావడి కట్టడమే.

ఆ ఆశ్రమంలో తండ్రి అడిగింది తీర్థయాత్ర కాదు. రాత్రి చివరి జాములో ఒక గొంతు, ఆయనకి ఇష్టమైన చదువు. మన ఇళ్ళల్లో ఆ జాముకి మెలకువ వచ్చి, లైటు వేసుకున్నా లాభం లేదని తెలిసి, పైకప్పు వైపు చూస్తూ పడుకునేవాళ్ళు ఎంతమందో. వాళ్ళకి ఏ పుస్తకం సగంలో ఆగిపోయిందో ఇంకా గుర్తుండే ఉంటుంది.